వేల్స్ సరిహద్దు కొండల మీద నాలుగు రోజుల గోల్ఫ్

మొదటి రోజు: లానమనెక్

బర్మింగ్‌హామ్‌లో ముప్పై ఏళ్లు వైద్యుడిగా పనిచేసి నిరుడు విరమణ పొందిన మా బావగారు, నేను వాళ్లింటికి చేరిన మర్నాడే భోజనాల బల్ల మీద ఒక పటం పరిచి, ఇంగ్లండుకూ వేల్స్‌కూ నడుమనున్న సరిహద్దు వెంట మూడు చోట్ల వేలు పెట్టి చూపించారు. "సముద్రపు ఒడ్డున ఉండే పెద్ద పేరున్న కోర్సులు టీవీలో చూసే ఉంటావు. వాటికి వెళ్లాలంటే నెలల ముందు అడగాలి, ఫీజు కూడా గుండె ఆగేలా ఉంటుంది. ఈ కొండల మీద ఆడి చూడు, నీకు నచ్చుతుంది," అన్నారు. అక్కయ్య మాత్రం మా ఇద్దరి మోకాళ్ల వయసును గుర్తుచేసి, రెండు పూటలకు సరిపడా చింతపండు పులిహోర డబ్బాల్లో సర్ది మమ్మల్ని సాగనంపింది.

నేను గోల్ఫ్ కర్ర పట్టింది యాభై దాటిన తర్వాత. పాలమూరు జిల్లాలో పుట్టి, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చెరువుల మరమ్మతులూ కాలువల లెవెళ్లూ చూస్తూ ఉద్యోగం పూర్తిచేసినవాణ్ణి కావడం వల్ల, ఈ ఆటలో నన్ను మొదటి నుంచీ ఆకర్షించింది బంతి కాదు, నేల. మన భాషలో గోల్ఫ్ ఆడే చోటుకు ప్రత్యేకమైన మాట లేదు. మైదానం అంటే చదునైన నేల అన్న అర్థం వెంటనే వస్తుంది కనుక, ఈ నాలుగు రోజులూ మేము తిరిగిన చోట్లను మైదానాలని పిలవడానికి నాకు మనసొప్పడం లేదు. ఆటగాళ్లు అన్నట్టే కోర్సు అంటాను.

ఆస్వెస్ట్రీ పట్టణానికి కొద్ది మైళ్లు దక్షిణాన ఉన్న లానమనెక్ గ్రామం మధ్యలోంచే రెండు దేశాల సరిహద్దు పోతుంది. పేరు వేల్స్ భాషలోది. సన్యాసుల గుడి అని అర్థం చెబుతారు. వేల్స్‌లో ఆదివారాలు మద్యశాలలు మూసివేయాలని 1881లో చట్టం వచ్చినప్పుడు, ఇలాంటి సరిహద్దు ఊళ్లలో దప్పికగొన్నవారు వీధి దాటితే సరిపోయేదట. ఊరికి పైన నిలిచిన సున్నపురాయి కొండ మీద ఉన్న గోల్ఫ్ కోర్సు ఈ వింతను ఇంకొంచెం ముందుకు తీసుకుపోయింది. ఒక్కో హోలు అంటే మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి బంతి పడవలసిన కప్పు దాకా ఉన్న నేల. అలాంటి పద్దెనిమిది హోళ్లలో పదిహేను వేల్స్‌లో, మూడు ఇంగ్లండులో ఉన్నాయి. నాలుగో హోలు దగ్గర బంతిని వేల్స్ నేలలో గుచ్చిన టీ అనే చిన్న పుల్ల మీద పెట్టి కొడతాం. చివరికి ఇంగ్లండు నేలలోని కప్పులో వేస్తాం. 2020లో కోవిడ్ ఆంక్షలు సడలించినప్పుడు ఇంగ్లండులో మే 13 నుంచి గోల్ఫ్‌కు అనుమతి వచ్చింది, వేల్స్‌లో మాత్రం మరికొన్ని రోజులు రాలేదు. చట్టాన్ని అక్షరాలా చదివితే ఆ మధ్యకాలంలో ఈ కొండ మీద ఆడదగినవి మూడే హోళ్లు!

నాలుగో హోలు దగ్గర నేను కొట్టిన మొదటి బంతి కుడివైపున ముళ్లపొదల్లోకి పోయింది. అది ఏ దేశంలో పోయిందో తేల్చడానికి బావగారు చాలాసేపు గంభీరంగా ప్రయత్నించారు.

ఈ కొండ ఆటకంటే చాలా పాతది. ఇనుప యుగపు కోట ఒకటి దీని తలను చుట్టి ఉండేది. బ్రిటన్‌లోని పెద్ద కొండకోటల్లో దాన్ని ఒకటిగా లెక్కిస్తారు. ప్రాచీనులు రాగి తవ్విన గుహ ఒకటి కోర్సు పక్కనే ఉంది, అందులో రోమన్ల కాలపు నాణేలు దొరికాయి. ఎనిమిదో శతాబ్దంలో మెర్సియా రాజ్యాన్ని ఏలిన ఆఫా రాజు, పడమటి వైపు వేల్స్ జాతుల నుంచి తన హద్దును వేరుచేయడానికి పోయించాడని చెప్పే మట్టికట్ట కూడా ఈ కొండ మీదుగానే వెళుతుంది. కందకం పడమటి వైపున, కట్ట తూర్పు వైపున ఉంటాయి. కందకంలో తవ్విన మట్టినే పక్కన పోసి కట్టగా లేపారు. మన చెరువుకట్టలకు ముందు గుంతల్లోంచి మట్టి ఎత్తిన పద్ధతికీ దీనికీ పెద్ద తేడా కనిపించలేదు. పన్నెండు వందల ఏళ్ల తర్వాత కూడా చాలాచోట్ల అది నిలిచే ఉందంటే, అక్కడ అలుగు పారే నీరు లేకపోవడం ఒక కారణమై ఉండాలని నా వృత్తి బుద్ధి చెప్పింది.

1991లో అమెరికాలో మాస్టర్స్ పోటీ గెలిచి, అదే ఏడాది ప్రపంచంలో మొదటి స్థానానికి చేరిన ఇయాన్ వూస్నమ్ చిన్నతనంలో ఆడి పెరిగింది ఈ కొండ మీదనే. రైతు కుటుంబంలోని కుర్రవాడు. పెద్దయ్యాక కూడా ఐదడుగుల నాలుగంగుళాలకు కాస్త పైన మాత్రమే. బ్రిటిష్ వారిలో మాస్టర్స్‌ను మొదటగా 1988లో గెలిచిన శాండీ లైల్ పుట్టింది కూడా వూస్నమ్ పుట్టిన 1958లోనే, ఈ ష్రాప్‌షైర్ కౌంటీలోనే, ష్రూస్‌బరీలో. వూస్నమ్ బంతి అంత తిన్నగా, అంత బలంగా ఎలా వెళ్లేదని బావగారిని అడిగితే, "ఇక్కడి గాలిలో మెల్లగా కొట్టే బంతి వెనక్కి వస్తుంది, అందుకే," అన్నారు. వైద్యులు చెప్పే కారణాల మాదిరిగా అది సగం నిజం, సగం ఓదార్పు.

గాలి మాట వచ్చింది కనుక మేము లెక్క పెట్టుకున్న పద్ధతి చెప్పాలి. ప్రతి దెబ్బనూ కలిపి మొత్తం లెక్కిస్తే నాబోటివాడు ఒక్క చెడ్డ హోలుతోనే రోజంతా పాడుచేసుకుంటాడు. స్టేబుల్‌ఫర్డ్ అనే పద్ధతిలో ప్రతి హోలుకూ విడిగా పాయింట్లు వస్తాయి; మన స్థాయికి ఇచ్చే వెసులుబాటు దెబ్బలను తీసివేశాక, ఆ హోలుకు నిర్ణయించిన దెబ్బల సంఖ్యకు, అంటే పార్‌కు, సమానంగా ఆడితే రెండు, ఒక దెబ్బ ఎక్కువైతే ఒకటి, అంతకు మించితే సున్న. సున్న వచ్చిందని తెలియగానే బంతి జేబులో వేసుకుని తర్వాతి టీకి, అంటే తర్వాతి హోలు మొదటి దెబ్బ కొట్టే చోటికి, నడవవచ్చు. ఈ పద్ధతిని కనిపెట్టిన ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ కూడా వైద్యుడే. మొదట 1898లో దక్షిణ వేల్స్‌లోని పెనార్త్ దగ్గర ప్రయత్నించి, 1932లో ఇంగ్లండులోని వాలసీలో దాన్ని స్థిరపరిచాడు. ఆ రోజు నాకు 21 పాయింట్లు, బావగారికి 29 వచ్చాయి. ఆడినది తమ స్థాయికి తగినట్టుగా ఉంటే 36 రావాలి. తన వృత్తివాడు కనిపెట్టిన లెక్కలో తనకే ఎక్కువ రావడం సహజమని బావగారు రాత్రంతా గుర్తుచేశారు.

రెండో రోజు: చర్చ్ స్ట్రెటన్

ష్రూస్‌బరీకి పదమూడు మైళ్లు దక్షిణాన, లాంగ్ మిండ్ అనే పొడవాటి కొండ ఒడిలో చర్చ్ స్ట్రెటన్ పట్టణం ఉంది. కొండ అన్న అర్థమున్న వేల్స్ మాటే ఇంగ్లీషువాళ్ల నోట్లో మిండ్ అయింది. విక్టోరియా కాలంలో ఇక్కడికి విశ్రాంతికి వచ్చినవాళ్లు ఈ ఊరిని చిన్న స్విట్జర్లాండ్ అన్నారట. ఊటీకీ అరకుకూ మనవాళ్లు ఇచ్చిన బిరుదులు గుర్తుకు వచ్చి, ప్రతి కొండ ఊరికీ ఇంకో కొండ ఊరి పేరు తగిలించాలన్న ఆరాటం అన్ని దేశాల్లోనూ ఒకటేనని నవ్వుకున్నాం. లాంగ్ మిండ్ మీద ఎత్తైన చోటు 516 మీటర్లు. పట్టణం నుంచి పైకిపోయే కార్డింగ్ మిల్ లోయకు ఆ పేరు ఒకప్పుడు అక్కడ ఉన్ని ఏకిన మిల్లు వల్ల వచ్చింది. మా ఊళ్లో కురుమలు గొర్రెల బొచ్చు కత్తిరించి, ఏకి, వడికి, గొంగళ్లు నేసేవాళ్లు. నల్లగొంగడి కప్పుకుని మందల వెంట నెలల తరబడి వలసపోయేవాళ్లు. ఆ లోయలో తోవకు అడ్డంగా పడుకున్న గొర్రెలను చూసినప్పుడు, పరాయి దేశంలో ఉన్నానన్న ఊహ కాసేపు పోయింది.

గోల్ఫ్ క్లబ్బు 1898లో మొదలైంది. కోర్సు పొడవు ఐదువేల గజాల చిల్లర మాత్రమే. హైదరాబాద్‌లో ఆ అంకె చూస్తే ఇది ముసలివాళ్లు పొద్దుపోక ఆడుకునేది అనుకునేవాణ్ణి. మొదటి టీ నుంచే ఎక్కుడు మొదలైంది. గోల్ఫ్ సంచిని భుజాన వేసుకుని ఎదురుగా నిలబడిన పచ్చిక గోడ వైపు చూస్తే, అటు బంతిని కొట్టాలా, అటు మనం పాకాలా అన్నది అర్థం కాలేదు. రెండు హోళ్లు అయ్యేసరికి బావగారు ఒక బెంచీ మీద కూర్చుని తన నాడి తానే చూసుకున్నారు. అంత ఎక్కాక వెనక్కి తిరిగి చూస్తే కింద పలకపైకప్పుల ఊరు, దాని పక్కన రైలు పట్టాలు, అవతల కేర్ కారడాక్ కొండ, వీటన్నిటి మీదుగా జారిపోతున్న మేఘాల నీడలు కనిపించాయి. శ్వాస అందుకోవడానికి ఆగామని ఒప్పుకోవడం ఇష్టంలేక, ఇద్దరమూ ఆ దృశ్యాన్ని చాలాసార్లు మెచ్చుకున్నాం.

కొండ మీద ఆడేటప్పుడు దూరం రెండు రకాలు. కార్డు మీద అచ్చువేసిన దూరం పటం మీద కొలిచినది. బంతికి ఎక్కుడు దిగుడుల లెక్క వేరే ఉంటుంది. గ్రీన్, అంటే కప్పు చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక, మనకంటే పది గజాలు పైన ఉంటే దూరానికి సుమారు పది గజాలు కలుపుకోవాలనీ, కిందుంటే తగ్గించుకోవాలనీ ఆటగాళ్లలో ఒక మోటు లెక్క ఉంది. ఉద్యోగమంతా లెవెల్ యంత్రం కంటికి ఆనించుకుని ఎత్తుపల్లాలు రాసుకున్న నాకు కంటితో ఎత్తు కట్టడం కష్టం కాదని నమ్మాను. ఆ నమ్మకంతోనే ఒక లోయ అంచున, ఎంతో కిందనున్న చిన్న గ్రీన్ వైపు కొట్టిన బంతి అది దాటి, దాని వెనకున్న వాగు దాటి, అవతలి గట్టు మీద నిలబడ్డ గొర్రెల మధ్య పడింది. అవి తలలు కూడా ఎత్తలేదు. నూరేళ్లకు పైగా నాబోటివాళ్లను చూస్తున్న వంశం మరి.

ఇంకో చిక్కు నిలబడే చోటుది. అడుగుల కంటే బంతి ఎత్తులో ఉంటే, కుడిచేతివాటం వాడు కొట్టినది ఎడమకు పోతుంది; బంతి అడుగుల కంటే దిగువన ఉంటే కుడికి పోతుంది. చదును నేల మీద ఏళ్ల తరబడి నేర్చుకున్న నిలకడ ఇక్కడ ఒక్క హోలుకు కూడా పనికిరాలేదు. నాకు 17 పాయింట్లు వచ్చాయి. బావగారు తమవి చెప్పలేదు, నేను అడగలేదు.

మూడో రోజు: కింగ్టన్

ఉదయాన్నే క్రేవెన్ ఆర్మ్స్ అనే ఊరు దాటి, సన్నని దారుల వెంట నైటన్ చేరుకున్నాం. ఆఫా కట్ట మీదనే ఉన్న పట్టణం ఇది. వేల్స్ భాషలో దీని పేరుకు కట్ట మీది ఊరు అని అర్థం. ఊరు వేల్స్‌లో, రైల్వే స్టేషను ఇంగ్లండులో ఉన్నాయి. ఆఫా కట్ట వెంబడి దక్షిణాన ఉన్న సముద్రతీరం నుంచి ఉత్తరాన ఉన్న సముద్రతీరం దాకా 177 మైళ్లు నడిచే కాలిబాటను 1971లో ఇక్కడే ప్రారంభించారు. అక్కడ టీ తాగి, ప్రెస్టీన్ మీదుగా హియర్‌ఫర్డ్‌షైర్ కౌంటీలోకి దిగి, పదకొండు గంటల లోపే కింగ్టన్ చేరాం. వేల్స్ కొండల్లో పెరిగిన పశువులను ఇంగ్లండు సంతలకు కాలినడకన తోలుకుపోయినవాళ్ల దారుల్లో ఉన్న ఊరు ఇది. చుట్టూ పొలాల్లో ఎర్రటి ఒళ్లు, తెల్లటి మొహాలు ఉన్న హియర్‌ఫర్డ్ ఆవులు మేస్తున్నాయి.

ఊరి వెనక నుంచి ఒక్క బండి మాత్రమే పట్టే దారి పైకెక్కుతుంది. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. మాకు ఎదురైన ట్రాక్టరు వెనక్కి పోయే రకంగా కనిపించలేదు కనుక బావగారే కారును వంద గజాలు వెనక్కి నడిపారు. ఆ దారి చివరన బ్రాడ్నర్ కొండ మీద కింగ్టన్ గోల్ఫ్ క్లబ్బు ఉంది. సముద్ర మట్టానికి 1,284 అడుగుల ఎత్తును చేరే ఈ కోర్సు, ఇంగ్లండులోని పద్దెనిమిది హోళ్ల కోర్సుల్లోకెల్లా ఎత్తైనది. అంకె మనకు గొప్పగా అనిపించదు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ నాలుగువేల అడుగుల పైమాటే. కానీ ఇక్కడ ఆ ఎత్తుకే చెట్లు వెనకబడిపోయి, నున్నని పచ్చిక, బ్రాకెన్ అనే ఫెర్న్ పొదలు, పసుపు పూల ముళ్లపొదలు, వీటి మీద అడ్డంలేని గాలి మిగులుతాయి.

క్లబ్బు 1925లో ఏర్పడింది, కొండ మీద ఈ కోర్సును తీర్చినవాడు మేజర్ సెసిల్ హచిసన్. స్కాట్లాండులోని గ్లెనీగల్స్ కోర్సుల రూపకల్పనలో ప్రసిద్ధ గోల్ఫ్ ఆటగాడు జేమ్స్ బ్రెయిడ్‌తో కలిసి పనిచేసినవాడు. కొండ నేల నేషనల్ ట్రస్టు అనే పరిరక్షణ సంస్థది. గొర్రెలు మేసుకోవచ్చు, ఎవరైనా నడవవచ్చు, ఆటగాళ్లు ఆడుకోవచ్చు. ఈ ముగ్గురిలో ఎవరికి ముందు హక్కు అన్న ప్రశ్నకు జవాబు నేను చూసినంతలో గొర్రెలకే. ఆఫా కట్ట కాలిబాట కూడా ఇటుగానే పోతుంది కనుక, వీపుల మీద మూటలతో నడిచేవాళ్లు దాటేదాకా మేము కర్రలు ఆనించుకుని ఆగేవాళ్లం. కొందరు ఆగి మా దెబ్బలు చూసేవారు. ఆ చూసే క్షణాల్లో బంతి సరిగా పోయిన దాఖలా ఒక్కటీ లేదు.

ఇక్కడికి వచ్చేముందు బావగారు నాకు ఒక సంగతి చెప్పకుండా దాచారు. మూడో హోలులో గ్రీన్ పక్కకు చేరేదాకా నాకూ పట్టలేదు. ఈ కోర్సులో ఇసుక గుంతలు, అంటే బంకర్లు, ఒక్కటి కూడా లేవు. సముద్రపు ఒడ్డు కోర్సుల్లో గాలికి గొర్రెలు ఒదిగి పడుకున్న చోట్ల ఇసుక తేలి గుంతలయ్యాయనీ, అవే తర్వాత ఆటలో భాగమయ్యాయనీ కథ చెబుతారు. ఈ కొండ మీద గొర్రెలకు కొదవ లేదు, ఇసుకే లేదు. తెచ్చి పోసినా గాలీ గొర్రెలూ నాలుగు వారాల్లో దాన్ని వేల్స్‌కు చేర్చేవి. బంకర్లు లేని కోర్సు అనగానే సులువు అనుకున్నాను. హచిసన్ చేసిన పని ఏమిటో పొద్దు వాలేదాకా మెల్లమెల్లగా తెలిసింది. గ్రీన్ల చుట్టూ చిన్న చిన్న మిట్టలు, సొట్టలు, గట్లు, గిన్నెల్లాంటి పల్లాలు ఉన్నాయి. కొన్ని కొండవే, కొన్ని మనుషులు చెక్కినవి. ఏవి ఏవో విడదీసి చెప్పలేనంతగా కలిసిపోయాయి. దాదాపు సరిగా కొట్టిన బంతి గ్రీన్ అంచున పడి, ఒక క్షణం ఆలోచించినట్టు ఆగి, ఆ మిట్ట మీద నుంచి ఈ సొట్టలోకి, అందులోంచి ఇంకో పల్లంలోకి జారి, ముప్పై అడుగుల దిగువన నిలుస్తుంది. అక్కడ మొలిచింది మెత్తని పొట్టి గడ్డి, బంతి దాని మీద శుభ్రంగా కూర్చుని ఉంటుంది, ఏ కర్రతో కొట్టాలో మాత్రం తోచదు. బంకర్లో పడితే ఏం చేయాలో ఒకటే దారి. ఇక్కడ నాలుగు దారులు కనబడి, నాలుగూ తప్పే అవుతాయి.

తొలి తొమ్మిది హోళ్లలో నేను కప్పులో నిలిపిన జెండాను చూసి కొడుతూ పోయాను. జెండాకు ఎడమగా పడిన బంతి కుడికి, కుడిగా పడినది కిందికి పోయాయి. తొమ్మిది హోళ్లకు ఎనిమిది పాయింట్లు. పదో టీ దగ్గర పులిహోర తింటూ కూర్చున్నప్పుడు బావగారు, "నువ్వు ముప్పై ఏళ్లు ఏం ఉద్యోగం చేశావయ్యా?" అన్నారు. "కాలువలు తవ్వించాను." "అక్కడ నీళ్లను నీకు నచ్చిన చోటికి పొమ్మని చెప్పేవాడివా, అది పోయే చోటు చూసుకుని తవ్వేవాడివా?"

నీరు పల్లమెరుగు అన్న సామెతను నేను ఎన్ని గ్రామసభల్లో వల్లించానో లెక్క లేదు. అది బంతికి కూడా వర్తిస్తుందని ఎప్పుడూ తట్టలేదు. మా తాత పార భుజాన వేసుకుని చేనికి నీళ్లు పెట్టేటప్పుడు మడి వైపు చూసేవాడు కాదు. కాలువ గండి దగ్గర వంగి, నేల అటు వాలిందా ఇటు వాలిందా అని చూసి, ఒక్క పార మట్టి తీసి నీటిని వదిలేవాడు. అది తనంతట తాను మడి చేరేది. పదో హోలు నుంచి నేను జెండాను చూడడం మానేశాను. గ్రీన్ మీద బిందెడు నీళ్లు ఎక్కడ పోస్తే అవి జెండా దాకా పారతాయో చూసుకుని, ఆ చోటు మీదికి కొట్టడం మొదలుపెట్టాను. ఒకచోట జెండాకు పదిహేను గజాలు ఎడమగా ఉన్న మిట్ట మీదికి కొట్టాను. బావగారు పెదవి విరిచారు. బంతి మిట్టను తాకి, గిరగిరా తిరుగుతూ దిగి, ఒక గట్టును ఒరుసుకుని, కప్పుకు మూరెడు దూరంలో ఆగింది. నాలుగు రోజుల్లో నేను కొట్టిన ఒకే ఒక బర్డీ, అంటే పార్‌కు ఒక దెబ్బ తక్కువ, అదే. ప్రతి హోలుకూ ఈ ఉపాయం పారిందని చెప్పను. నీళ్లను ఎక్కడ పోయాలో తెలియడం వేరు, పోయగలగడం వేరు. నా బిందె చాలాసార్లు దారిలోనే ఒలికింది.

కోర్సు కొండ తల మీద ఉన్నా, చర్చ్ స్ట్రెటన్‌లా ఆయాసపెట్టకపోవడం గమనించదగిన సంగతి. ఎక్కవలసిన ఎత్తు చాలావరకు కారే ఎక్కేస్తుంది. ఆ తర్వాత హోళ్లు కొండ భుజాల మీదుగా, పటం మీద ఒకే ఎత్తును చూపే కంటూరు గీతల్ని పట్టుకుని తిరుగుతాయి. కాలువ కూడా అంతే, కొండను అడ్డంగా కోయకుండా దాని ఒంపుల వెంట పోతే ఖర్చూ తగ్గుతుంది, నిలిచేదీ అదే. హచిసన్ సైన్యంలో పనిచేసినవాడు కనుక పటం చదవడం అతనికి చేతనైన విద్య అయి ఉంటుందని నా ఊహ. పడమట హెర్గెస్ట్ రిడ్జ్, దానికి దూరంగా నీలంగా బ్లాక్ మౌంటెన్స్, తూర్పున మాల్వెర్న్ కొండలు కనిపిస్తుండగా, జూన్ పొద్దు తొమ్మిదిన్నరకు గానీ వాలలేదు. భరత పక్షులు కనబడనంత ఎత్తుకు ఎగిరి పాడుతూనే ఉన్నాయి. మలి తొమ్మిది హోళ్లకు నాకు 16 పాయింట్లు వచ్చాయి.

నాలుగో రోజు: మళ్లీ కింగ్టన్

ఈ రోజు ఇల్లు చేరవలసి ఉంది. దారిలో హే-ఆన్-వై అనే పాత పుస్తకాల ఊరు చూద్దామన్నది ముందు అనుకున్నమాట. ఉదయం లేచాక ఇద్దరమూ ఆ ఊసెత్తకుండా, మాట్లాడుకోకుండానే కారును కొండ దారి పట్టించాం. పైన మబ్బు దిగి ఉంది. క్లబ్బు భవనం దగ్గర నిలబడితే మొదటి టీ కనబడింది గాని, దాని ముందున్న ప్రపంచం కనబడలేదు. పనివాడు ఒకతను వచ్చి, ఇది గంటలో పోతుంది, లేదా రేపు పోతుంది అని చెప్పి వెళ్లాడు. లోపల కాఫీ తాగుతూ గంటన్నర కూర్చున్నాం. మబ్బు పోయింది. దాని స్థానంలోకి గాలి వచ్చింది.

నిన్నటి కోర్సు ఇది కాదు. నిన్న నేను చూసుకున్న వాలులన్నీ అక్కడే ఉన్నాయి; గాలి మాత్రం ఆ వాలుల మీదికి బంతిని పోనివ్వలేదు. ఎదురుగాలిలో డ్రైవరు అనే పొడవాటి కర్రతో కొట్టిన బంతి పైకి లేచి, కొంతసేపు గాలిలో నిలిచి, నేను నడిచి చేరగల దూరంలోనే పడింది. చివరికి ఇద్దరమూ తక్కువ ఎత్తున, నేలకు ఆనించినట్టుగా బంతిని దొర్లించే ఆటకు దిగాం. పొట్టిగా మేసిన, సన్నని గడ్డి ఉన్న గట్టినేల కనుక బంతి ఎంతో దూరం పరుగెత్తింది. నలభై గజాల నుంచి కూడా, గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్ర అయిన పుటరుతోనే కొట్టాం. పాలమూరు వీధుల్లో గోళీలాడిన అనుభవం అప్పుడు మొదటిసారి ఈ ఆటకు అక్కరకొచ్చింది.

గొర్రెల గురించి ఆట నియమాలు చాలా ఓపికగా రాశారు. కొట్టిన బంతి దారిలో గొర్రెకు తగిలి పక్కకు పోతే దండన లేదు, ఎక్కడ ఆగితే అక్కడి నుంచి ఆడాలి. పెంటికలను ఊడిపడిన ఆకులూ పుల్లలతో సమానంగా లెక్కించి, తొలగించుకోవచ్చని అనుమతించారు. కుందేళ్లు తవ్విన బొరియలో పడితే బంతిని ఉచితంగా జరుపుకోవచ్చు. పద్నాలుగో హోలు దగ్గర ఒక ముసలి గొర్రె నా బంతి మీదనే పడుకుంది. దానికి నియమమేమిటని బావగారిని అడిగాను. "లేచేదాకా ఆగాలి. కురుమోళ్ల ఊరివాడివి కదా, లేపు చూద్దాం," అన్నారు. నేను చిన్నప్పుడు విన్న అదిలింపు ఒకటి నాలుక మడిచి వేశాను. గొర్రె చెవులు కదిపింది, లేచింది, రెండడుగులు వేసి, ఈసారి బావగారి బంతి మీద పడుకుంది.

వెనక నుంచి వచ్చిన నడకదారి దంపతులు కూడా ఆగి ఎదురుచూశారు. వాళ్లు ప్రెస్టాటిన్ దాకా, వేల్స్ ఉత్తర తీరం వరకూ నడుస్తామని చెప్పారు, ఇంకా చాలా రోజుల దారి ఉందట. గొర్రె లేచాక బావగారు కొట్టారు. గాలి బంతిని ఎత్తుకుని, కాలిబాట అవతల, ఊరి వైపు వాలులోకి విసిరింది. అది దొర్లుతూ, ఫెర్న్ పొదల్లోంచి మళ్లీ బయటకొచ్చి, ఇంకా దొర్లుతూ, కనబడకుండా పోయింది.

"కింగ్టన్ బజారులో దొరుకుతుంది, కిందికి పోయేటప్పుడు చూసుకుందాం," అని బావగారు సంచిలోంచి ఇంకో బంతి తీశారు.